పసుపు వద్దన్న సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందన్న కబురు మా ఇంటికి బాపు, అంటే మా నాన్న, తెచ్చాడు. ఆయన ఆర్మూర్ మార్కెట్ యార్డులో హమాలీ. పసుపు సీజన్‌లో పని మధ్యలో ఇంటికి రావడమన్నది నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికే వచ్చి, తలకు చుట్టిన తువ్వాల కూడా విప్పకుండా గడపలో నిలబడి, "సిస్టరమ్మ పాణం ఇడిశిందట" అన్నాడు. అమ్మ ఒళ్ళోని బీడీల చాటను దించి పక్కన పెట్టింది. ఏమీ అనలేదు. సిస్టరమ్మ విషయంలో అమ్మ ఏమీ అనకపోవడం మాకు కొత్త కాదు. పద్నాలుగేళ్ళుగా అంతే.

సిస్టరమ్మ అంటే సర్కారు దవాఖానలో నర్సు. మా ఊళ్ళో నా వయసు వాళ్ళలో చాలామందిని ఈ లోకంలో మొదట ముట్టుకున్న చేతులు ఆవిడవే. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేనెరుగను. పొట్టిమనిషి, గట్టిమనిషి. ఎండైనా వానైనా ఒక నల్లగొడుగు, ఒక రేకు పెట్టె. బాలింతల ఇళ్ళకు వెళ్తే ముందు చెప్పులు విడిచి, పెట్టెలోంచి తన సబ్బు తనే తీసుకుని, మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. చాయ ఇస్తే సాసర్‌లో పోసుకుని, ఊదకుండా, ఆరేదాకా ఓపికగా కూర్చునేది. ఆవిడకు ఓపిక ఉన్నది ఆ ఒక్క చాయ దగ్గరే. మిగతా అన్నిటికీ తిట్లే. పెళ్ళాన్ని పురిటికి ఆలస్యంగా తెచ్చిన మగవాణ్ణి దవాఖాన వాకిట్లో నిలబెట్టి కడిగేసేది. "పిల్ల ఏడ్వంగ నాకు ఫికర్ లేదు. ఏడ్వకుంటెనే ఫికర్" అని ఎప్పుడూ అనేది. ఆ మాట ఆవిడ ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. మా ఇంట్లోనే నేర్చుకుంది.

మా చెల్లి పుట్టినప్పుడు నాకు పదేళ్ళు. పసుపు జోరుగా వచ్చే రోజులు. ఆ కాలంలో మా ఇంట్లో పసుపు రంగు అంటని వస్తువంటూ ఉండేది కాదు. బాపు చెమటే పసుపు. ఆయన బట్టలు ఉతికిన నీళ్ళు వాకిట్లోంచి మోరీ దాకా పచ్చటి చార కట్టేవి. అమ్మ కూడా ఎనిమిదో నెల దాకా యార్డులో కొమ్ములు ఏరే కూలికి పోయింది. నా నోటుబుక్కుల మూలల్లో పసుపు వేలిముద్రలుంటే పంతులమ్మ తిట్టేది, నేను తల వంచుకునేదాన్ని. ఊరంతా అట్లాగే ఉంటే తప్పు నాదెట్లా అవుతుందని మాత్రం లోపల గొణుక్కునేదాన్ని.

చెల్లి దవాఖానలోనే పుట్టింది. రెండో రోజు ఇంటికి తెచ్చారు. బాపమ్మ, అంటే మా బాపు వాళ్ళమ్మ, వెనక అర్రను బాలింత కోసం తయారు చేసింది. కిటికీకి గోనెసంచి కట్టింది, గాలి తగలొద్దని. లోపల ఒక చిన్న బల్బు. ఉదయం సాయంత్రం సాంబ్రాణి పొగ. పిల్లకు నూనె రాసి, పసుపు పట్టించి స్నానం పోసేది. ఆర్మూర్‌లో పుట్టిన పిల్లకు పసుపుకు కొదవేమిటి! అరచేతి నిండా తీసుకుని, నుదుటి నుంచి పాదాల దాకా, గోళ్ళ సందుల్లో కూడా పట్టించేది. పాపం, ప్రేమతోనే చేసింది. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది.

మూడో రోజు పొద్దుగూకే వేళకు సిస్టరమ్మ వచ్చింది. ఆలూర్‌లో రెండు ఇళ్ళు చూసుకుని, బస్సు దొరక్క కొంత దూరం నడిచి వచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి. చేతులు కడుక్కుని అర్రలోకి పోయి, బల్బు కింద పిల్లను ఎత్తి చూసింది. "పిల్ల గింత పసుపున్నదేంది?" అని తనే అడిగింది. పసుపు పెట్టి స్నానం పోస్తే పసుపు కాక మరేముంటుందని బాపమ్మ నవ్వింది. సిస్టరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వును నేను మర్చిపోలేదు. అందులో చెడ్డతనం ఏమీ లేదు. పొద్దంతా తిరిగి అలిసిన మనిషి, ఒక ఇల్లు సుఖంగా ఉందని తెలిసినప్పుడు నవ్వే నవ్వు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. స్నానం తర్వాత చెల్లి ముఖం తుడిచేది నేనే కాబట్టి నాకొక సంగతి తెలుసు. "కండ్లల్ల గూడ పసుపుంది, సిస్టరమ్మా" అన్నాను.

ఆవిడ పెట్టె మూస్తోంది. నీళ్ళు పోసేటప్పుడు కళ్ళలో పడి ఉంటుందనీ, పొద్దున మంచినీళ్ళతో కడగమనీ చెప్పింది. నా తల నిమిరి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు చెల్లి నిద్రే నిద్ర. పాలకు లేపినా లేవదు. బంగారంలాంటి పిల్ల, ఏడుపన్నదే తెలియదని బాపమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది. ఐదో రోజు పొద్దున చెల్లి ఏడ్చింది. అది పసిపిల్ల ఏడుపులా లేదు. సన్నగా, చెవిలో సూది దిగినట్టు. ఒళ్ళు వెనక్కి విల్లులా వంగిపోయింది. నేను దవాఖానకు పరుగెత్తాను.

సిస్టరమ్మ వచ్చీ రాగానే ఈసారి చేతులు కడుక్కోలేదు. పిల్లను లాక్కున్నట్టు తీసుకుని ఎండలోకి, వాకిట్లోకి వచ్చింది. తన సబ్బుతో ఒళ్ళంతా కడిగింది. మొదట పసుపునీళ్ళు పోయాయి. తర్వాత తెల్లనీళ్ళు వచ్చాయి. పిల్ల మాత్రం పసుపుగానే ఉంది. ముక్కు మీద బొటనవేలితో నొక్కి వదిలింది. నుదుటి మీద నొక్కి వదిలింది. రొమ్ము మీద, పొట్ట మీద, పాదం మీద. నొక్కిన ప్రతిచోటా వేలు తీయగానే చర్మం లోపలి పసుపు పైకి కనిపించింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుంటాను. గొడుగు మా వాకిట్లోనే మర్చిపోయి, అమ్మనూ పిల్లనూ బాపునూ వెంటబెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కింది. అక్కడ డాక్టరు ఒక్క చూపు చూసి హైదరాబాద్ పిల్లల దవాఖానకు పొమ్మన్నాడట.

అక్కడ చెల్లిని నీలంరంగు లైట్ల కింద పడుకోబెట్టారు. ఒంట్లో రక్తం కొంచెం కొంచెంగా తీసి వేరే రక్తం ఎక్కించారు. అమ్మ రక్తం గ్రూపుకూ పిల్ల రక్తం గ్రూపుకూ పడలేదనీ, అందుకే కామెర్లు అంత ముదిరి మెదడు దాకా పోయాయనీ చెప్పారు. రెండు రోజుల ముందు తెస్తే వేరేగా ఉండేదన్నారు. ఆ మాట అన్నప్పుడు, హైదరాబాద్ దాకా వెంట వెళ్ళిన సిస్టరమ్మ అమ్మ పక్కనే ఉంది.

ఇరవై రోజులకు చెల్లి తెల్లగా తిరిగి వచ్చింది. మేము సంబరపడ్డాం. మెడ నిలవదనీ, చెవులు వినవనీ, చేతులు తను అనుకున్న చోటికి పోవనీ నెలల మీద ఒక్కొక్కటిగా తెలిసింది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అది ఇంకా కష్టం. అన్నీ అర్థమయ్యే కళ్ళతో మా చెల్లి మమ్మల్ని చూస్తూ పడుకునేది.

నెలలు గడిచి, చెల్లికి ఇక వినపడదని తేలిన వారంలో సిస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. అమ్మ ఎదురుగా నిలబడి చెప్పింది. "చెల్లె, ఆ దినం నీ పెద్ద పోరి నాకు చెప్పింది. కండ్లల్ల పసుపుంది అన్నది. నేను పిల్లను ఎండ ఎలుగుల పెట్టి సూడలే. తప్పు నాది."

ఒక్క మాట చెప్పాలి. ఆ రోజు నేను అన్న మాట అర్రలో ఉన్న అమ్మకు వినపడలేదు. మగతగా పడుకుని ఉంది. బాపమ్మ పొగ వేసే పనిలో పడి పట్టించుకోలేదు. విన్నది సిస్టరమ్మ ఒక్కతే. నేనైతే చచ్చినా చెప్పేదాన్ని కాదు, ఎందుకంటే గట్టిగా అరిచి చెప్పకపోవడం నా తప్పేనని నమ్ముకుని కూర్చున్నాను. ఆవిడ నోరు మూసుకుంటే ఆ సంగతి మా ఇద్దరితో పోయేది. అయినా వచ్చి చెప్పింది. నా మీది బరువు తీసి తన మీద వేసుకుని పోయింది. నేను ఆ స్థానంలో ఉంటే చెప్పేదాన్నా? ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. ధైర్యంగా అవునని చెప్పలేను.

అమ్మ గోడవైపు తిరిగింది. ఆ రోజు నుంచి సిస్టరమ్మతో మాట్లాడలేదు.

సిస్టరమ్మ మాత్రం ఆదివారం ఆదివారం రావడం మొదలుపెట్టింది. చర్చి నుంచి నేరుగా, తెల్లచీరలో. నిజామాబాద్‌లో ఎవరినో అడిగి నేర్చుకుని వచ్చి, చెల్లి చేతులూ కాళ్ళూ నూనెతో సాగదీసేది. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, చెంచాతో గంజి ఎట్లా మింగించాలో నాకు నేర్పింది. వడ్లాయన దగ్గర తనే కూర్చుని, మెడ పక్కలకు వాలకుండా కొయ్యకుర్చీ చేయించింది. ఆవిడ వచ్చే వేళకు అమ్మ పీట వేసేది, చెంబుతో నీళ్ళు పెట్టేది, వంటింట్లోకి పోయేది. తలుపు సందులోంచి మాత్రం అంతా చూసేది. ఆవిడ చూపించినట్టే వారమంతా పొల్లుపోకుండా చేసేది. చెల్లికి జ్వరమొస్తే నా వైపు చూసి "పో, పిలువు" అనేది. ఎవరిని అని నేను ఏ రోజూ అడగలేదు.

వెళ్ళేటప్పుడు సిస్టరమ్మ వాకిట్లో చెప్పులేసుకుంటూ నన్ను మెల్లగా అడిగేది, అమ్మ ఏమన్నా అన్నదా అని. మొదట్లో లేదని చెప్పేదాన్ని. తర్వాత ఆ ముఖం చూడలేక, బాగున్నారా అని అడగమన్నదనేదాన్ని. "అబద్ధం మంచిగ చెప్తవు బిడ్డా" అని నవ్వేది. మళ్ళీ ఆదివారం మళ్ళీ అడిగేది. ఆవిడకు కావలసింది మన్నింపు కూడా కాదేమో. అమ్మ నోటి నుంచి ఒక తిట్టు వచ్చినా చాలనుకుందేమో. అది కూడా అమ్మ ఇవ్వలేదు. నాకు అమ్మ మీద చాలా కోపం ఉండేది. చెల్లి చొంగ తుడిచీ తుడిచీ మొద్దుబారిన అమ్మ చేతులు చూసినప్పుడు ఆ కోపం ఎటు పోయేదో పోయేది.

మా ఇంటి తర్వాత ఆవిడ పని పద్ధతే మారింది. పురుడు జరిగిన ప్రతి ఇంటికీ పొద్దున్నే పోయేది. పిల్లను వాకిట్లోకి తెమ్మనేది. ఏడు రోజుల దాకా పిల్లకు పసుపు ముట్టించొద్దని చెప్పేది. చెప్పేది ఆర్మూర్‌లో! పసుపు అమ్ముకుని బతికే ఊళ్ళో! ఇంకేముంది, కిరస్తానామె కదా, మన పసుపు ఆమెకు గిట్టదు, మతంలో కలుపుకోవడానికి ఇదొక ఎత్తు అని ఆడవాళ్ళు గుసగుసలు పోయారు. "పసుపు వద్దనే సిస్టరమ్మ" అని పేరు పెట్టారు. మా వాడలోనే ఒక ముసలావిడ పిల్లను ఇవ్వకుండా తలుపుకు అడ్డంగా నిలబడింది. సిస్టరమ్మ గొడుగు గోడకు ఆనించి, "మీ పసుపుతోని నాకు పంచాయితి లేదవ్వా. ఏడు దినాలు పిల్లను నా కండ్లకు ఇడ్శిపెట్టుండ్రి. ఎన్మిదో దినం డబ్బెడు పూస్కోండ్రి" అంది. ముసలావిడ వినలేదు.

అప్పుడు మా బాపమ్మ అక్కడే ఉంది. ఆ ఇంటి పసుపు డబ్బా తీసి కొంగు కింద పెట్టుకుంది. "ఎన్మిదో దినం వచ్చి మా ఇంట్ల తీస్కపో. పిల్లను సూపెడ్తవా, లేకుంటె జర వచ్చి మా మనుమరాలిని సూస్తవా?" అంది. మా చెల్లి గురించి బాపమ్మ బయట నోరు విప్పడం అదే మొదటిసారి. ముసలావిడ పక్కకు జరిగింది.

సిస్టరమ్మకు ఇంకో అలవాటు పట్టుకుంది. ఇంట్లో అడుగుపెట్టగానే పెద్దవాళ్ళను కాదు, అక్కడున్న చిన్నపిల్లలను దగ్గరకు పిలిచి, తమ్ముని కళ్ళు ఏ రంగులో ఉన్నాయని అడిగేది. వాళ్ళు చెప్పేదాకా ఆగేది. పెద్దవాళ్ళకు నవ్వులాట. భీమ్‌గల్ వైపు నుంచి, కమ్మర్‌పల్లి వైపు నుంచి ఎంతమంది పసివాళ్ళను బస్సెక్కించి నిజామాబాద్‌కు పంపిందో. ఒకసారి పిల్లకు ఏమీ లేదని డాక్టరు తిప్పి పంపితే, ఆ తండ్రి బస్టాండులోనే ఆవిడను నానా మాటలూ అన్నాడు. ఏమీ లేకపోతే ఇంకా మంచిది కదా, పోయి పండుగ చేసుకొమ్మని చెప్పి, గొడుగు విప్పుకుని నడిచింది.

చెల్లికి మాట వినపడదు కాబట్టి సిస్టరమ్మ వచ్చానని చెప్పడానికి దాని నుదుటి మీద బొటనవేలితో నొక్కి వదిలేది. పసిపిల్లలను చూసే పద్ధతే, కానీ చెల్లికి అదే నమస్తే. ఆవిడ నీడ గడపలో పడగానే ముఖం ఎత్తి పట్టుకునేది. ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో, తనూ తిరిగి నొక్కాలని మొదలుపెట్టింది. దాని చెయ్యి దాని మాట వినదు. నుదుటికని లేచిన వేలు చెవి దగ్గరకు పోతుంది, గాల్లోకి పోతుంది. సిస్టరమ్మ కదలకుండా, కళ్ళు మూసుకుని, ముఖం ముందుకు పెట్టి ఎదురు చూసేది. చాయ ఆరేదాకా కూర్చున్నట్టే. వేలు నుదుటికి తగిలి, నొక్కి, వదలగానే ఆవిడ కళ్ళు పెద్దవి చేసి తెరిచేది. చెల్లి కిలకిలా నవ్వేది. ఆ నవ్వు వినడానికి అమ్మ వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసేది. నాకు తెలుసు.

రిటైరయ్యాక ఆవిడకు షుగర్ ముదిరింది. నడవడానికి కాళ్ళు సహకరించలేదు. ఆదివారాలు చెల్లి గడపవైపు ముఖం ఎత్తి చూస్తూ ఉండేది. నేనే అప్పుడప్పుడు పోయి చూసి వచ్చేదాన్ని. చర్చి వెనక తమ్ముడి ఇంట్లో ఉండేది. పోయిన నెల వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని, తనకు కలలో ఎప్పుడూ మా అర్రే వస్తుందని చెప్పింది. గోనెసంచి కట్టిన కిటికీ, ఆ బల్బు. "నువ్వు గుమ్మంల నిలబడి నోరు తెరుస్తవు. నాకు ఇనవడదు. పెట్టె మూత పడ్డ సప్పుడే ఇనవడ్తది" అంది. తర్వాత మామూలు ప్రశ్న అడిగింది, అమ్మ ఏమన్నా అన్నదా అని. ఆ రోజు నాకు అబద్ధం నోటికి రాలేదు. ఇప్పుడు దానికి ఏడుస్తున్నాను.

బాపు కబురు చెప్పాక అమ్మ లేచి ముఖం కడుక్కుంది. చెల్లికి కొత్త గౌను తొడిగింది. పద్నాలుగేళ్ళ పిల్లను వీపు మీద వేసుకుని, నేను పడతానన్నా ఇవ్వకుండా, రైల్వే గేటు దాటి చర్చి దాకా ఒక్కతే మోసింది. దారి పొడవునా యార్డుకు పోయే బండ్లు, పసుపు దుమ్ము.

ఆ ఇంటి లోపలి గదిలో సిస్టరమ్మను పెట్టెలో పడుకోబెట్టారు. జనం కిక్కిరిసి ఉన్నారు. కరెంటు లేదు. కిటికీకి దుప్పటి అడ్డం కట్టి, తలవైపు రెండు కొవ్వొత్తులు పెట్టారు. ఆ మసకలో ముఖం పసుపుగా కనిపించింది. అదే అర్ర, అదే వెలుగు.

అమ్మ గుమ్మంలోనే ఆగింది. సరిగ్గా నేను ఆ రోజు నిలబడ్డ చోటులాంటి చోట. కొంతసేపు లోపలికి చూసింది. తర్వాత అందరికీ వినపడేలా అంది.

"మా సిస్టరమ్మను గిట్ల చీకట్ల పెట్టకుండ్రి. ఎలుగులకు తీస్కరాండ్రి."

ఎవరీవిడ అని కొందరు తిరిగి చూశారు. ఆమె తమ్ముడికి మేమెవరమో తెలుసు. నలుగురిని పిలిచి పెట్టె ఎత్తించాడు. వాకిట్లో ఎండలో రెండు బెంచీల మీద దించారు. ఎండలో చూస్తే పసుపు లేదు. ముఖం మామూలుగా, అలిసి, శుభ్రంగా ఉంది. అమ్మ కొంగుతో ఆ నుదురు తుడిచింది. "నీ తోని మాట్లాడకపోతిని అక్కా" అని ఏడ్చింది. పద్నాలుగేళ్ళదీ ఒక్కసారే ఏడ్చింది.

ఆ తర్వాత చెల్లిని వీపు మీంచి దించి, నడుం పట్టుకుని పెట్టె పక్కన నిలబెట్టింది. చెల్లి చెయ్యి లేచింది. మొదటిసారి పెట్టె అంచుకు కొట్టుకుంది. రెండోసారి పూలలోకి పోయింది. ఎవరో పట్టుకోబోతే అమ్మ వద్దని తల ఊపింది. మూడోసారి బొటనవేలు నుదుటికి అందింది. నొక్కింది. వదిలింది. మూసి ఉన్న ఆ కళ్ళ వైపే, నవ్వడానికి నోరు సగం తెరిచి పెట్టుకుని, చూస్తూ ఉండిపోయింది.